హెల్పర్ చేతికి సొంత పనిముట్లు: ఏసీ, ఫ్రిజ్ పని నేర్చుకునే మన పిల్లల గురించి



చదువు సాయం గురించి, వైద్య సాయం గురించి ముందు మాట్లాడినవారు చెప్పారు. మాకు అప్పగించిన అంశం చిన్నది. ఏసీ, ఫ్రిజ్ రిపేరు పనిలో ఉన్న మన పిల్లలకు ఏ పనిముట్లు ఇవ్వాలి, ఇచ్చే ముందు వాళ్ల చేతికి ఏ పని వచ్చి ఉండాలి, ఏ పద్దులోంచి ఇవ్వాలి. కాస్త మెకానిక్ షాపు మాటలు దొర్లుతాయి, ఓపిక పట్టండి. మీ డబ్బు దేనికి ఖర్చవుతుందో మీకు తెలియాలి కదా.

మన ఇబ్రహీంపట్నం ఎండ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒక పక్క కృష్ణమ్మ, ఇంకో పక్క కొండపల్లి కొండలు, మధ్యలో 1979 నుంచి పొగ వదులుతున్న థర్మల్ స్టేషన్ గొట్టాలు. ఏసీ ఉన్న ఇల్లంటే డాక్టరు గారిదో కాంట్రాక్టరు గారిదో అనుకునే రోజులు పోయాయి. ఇప్పుడు మామూలు డాబా ఇంటి గోడకూ ఔట్‌డోర్ యూనిట్ వేలాడుతోంది. బిర్యానీ హోటల్లో డీప్ ఫ్రీజర్, మెడికల్ షాపులో ఫ్రిజ్, మసీదులో నాలుగైదు ఏసీలు, షాదీఖానాలో వాటర్ కూలర్. హైదరాబాదు రోడ్డూ, మైలవరం, తిరువూరు మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు పోయే రోడ్డూ మన దగ్గరే కలుస్తాయి. సొంత సామాను, ఒక బండి ఉన్న మెకానిక్‌కు కొండపల్లి, జి.కొండూరు, నందిగామ దాకా పని ఉంది.

ఆ పని చేసేవాళ్లలో మన పిల్లలు చాలామందే ఉన్నారు. కానీ వాళ్లలో ఎక్కువమంది హెల్పర్లు. పదో తరగతి అయ్యాకో, మధ్యలో ఆపేసో విజయవాడలో ఏదో షాపులో చేరతారు. ముప్ఫై నలభై కిలోల ఔట్‌డోర్ యూనిట్ భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కుతారు. ఫిల్టర్లు కడుగుతారు, గోడకు రంధ్రాలు కొడతారు, గిన్నె మోసినట్టు సామాను సంచి మోస్తారు. నాలుగేళ్లు గడిచినా హెల్పరే. తెలివి లేక కాదు. చూసి చూసి పని సగం పైగా వచ్చేసింది. కానీ గేజ్ ఉస్తాద్‌ది, వ్యాక్యూమ్ పంపు ఉస్తాద్‌ది, ఫ్లేరింగ్ సెట్టు ఉస్తాద్‌ది. సాయంత్రం అవన్నీ ఉస్తాద్ బండెక్కి ఆయన ఇంటికి వెళ్లిపోతాయి. పిల్లవాడి జేబులో మిగిలేది ఒక టెస్టరు, ఒక కటింగ్ ప్లేయరు. ఆ రెంటితో పక్కింటి ఏసీని విప్పి చూడగలడు, బాగు చేయలేడు.

దీన్లో ఉస్తాదుల తప్పేమీ లేదు. తమ డబ్బుతో కొనుక్కున్న పంపును నేర్చుకునేవాడి చేతికి ఎవరిస్తారు? అందుకే ఈ అడ్డును దాటించే పని మన సంస్థది అంటున్నాం.

ప్రభుత్వం చేయడం లేదా అని మీలో కొందరు అడుగుతారు. చేస్తున్నది చెబుతాం. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్ల కోసం 15,000 రూపాయల ఈ-వోచర్ ఉంది. అందులో 18 చేతివృత్తులు ఉన్నాయి. వడ్రంగి, కమ్మరి, తాపీ మేస్త్రి, దర్జీ, మంగలి, చెప్పులు కుట్టేవారు, బొమ్మలు చేసేవారు ఉన్నారు. అంటే పక్కనే ఉన్న కొండపల్లి బొమ్మల పనివారికి దారి ఉంది. మన పేటలో దర్జీ పని చేసేవారికీ ఉంది, ఇంకా దరఖాస్తు పెట్టనివారు ఉంటే పెట్టండి. ఏసీ మెకానిక్ మాత్రం ఆ పద్దెనిమిదిలో లేడు. అది సంప్రదాయ వృత్తుల పథకం, ఇది కొత్త వృత్తి. తండ్రి నుంచి కొడుక్కి పనిముట్లు దిగివచ్చే వృత్తి కూడా కాదు. వడ్రంగి కొడుక్కి తండ్రి చిత్రిక ఉంటుంది. ఆటో నడిపే తండ్రి కొడుక్కి వ్యాక్యూమ్ పంపు ఎక్కడిది?

2019 మార్చిలో కేంద్రం ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ అని ఒకటి ప్రకటించింది. లక్షమంది సర్వీసు టెక్నీషియన్లకు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్లు ఇవ్వాలని అందులో లక్ష్యం పెట్టుకున్నారు. ఐటీఐల్లో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు రెండేళ్లది, పది పాసైనవాళ్లు చేరవచ్చు. చేరగలిగినవాడు అందులోనే చేరాలి, దానికి ఫీజు సాయం మన స్కాలర్‌షిప్ పద్దులో ఉంది. మా బాధ రెండేళ్లు జీతం మానుకుని కూర్చోలేని పిల్లవాడి గురించి. వాడి చేతికి పని వచ్చు, కాగితం లేదు, పనిముట్టు లేదు. కాగితం సంగతికి కౌశల్ వికాస్ యోజన కింద అనుభవాన్ని పరీక్షించి గుర్తించే పద్ధతి ఉంది. దాన్ని ఆర్.పి.ఎల్. అంటారు. పనిముట్టు ఎవరో ఒకరు కొనివ్వాలి.

ఇక్కడ మనందరికీ తెలిసిన ఉదంతం ఒకటి గుర్తు చేస్తాం. సునన్ అబూ దావూద్‌లో ఉంది. ఒక అన్సారీ సాయం అడుగుతూ దైవప్రవక్త (స) దగ్గరికి వస్తే, ఇంట్లో ఏముందని అడిగారు. ఒక దుప్పటి, నీళ్లు తాగే ఒక పాత్ర. వాటిని అక్కడే వేలం వేసి రెండు దిర్హములు తెప్పించారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, రెండో దిర్హముతో గొడ్డలి కొనమన్నారు. గొడ్డలి తెచ్చాక దానికి స్వయంగా తమ చేత్తో పిడి బిగించి ఇచ్చి, కట్టెలు కొట్టుకురమ్మని, పదిహేను రోజులు కనిపించవద్దని పంపారు. ఈ ఉదంతం చెప్పేవారు కష్టపడి బతకాలన్న మాట దగ్గర ఆగిపోతారు. మమ్మల్ని ఆ పిడి ఆపుతుంది. గొడ్డలి ఇచ్చి పిడి నువ్వే చూసుకో అనలేదు. మర్నాడు పొద్దున్నే అడవికి పోయి పని మొదలుపెట్టగలిగేలా ఇచ్చారు. ఇంట్లోవాళ్లకు ఆ రోజు తిండి కూడా విడిగా చూశారు.

ఏసీ పనిలో పిడి లేని గొడ్డలి ఏమిటో చెబుతాం. మూడువేలకో నాలుగువేలకో ఒక ప్లాస్టిక్ పెట్టె కొంటే అందులో స్క్రూడ్రైవర్లు, పానాలు, సుత్తి, అలెన్ కీలు ఉంటాయి. ఫొటో బాగా వస్తుంది. దాతగారు ఇచ్చినట్టూ ఉంటుంది, పిల్లవాడు తీసుకున్నట్టూ ఉంటుంది. ఆ పెట్టెతో వాడు ఒక్క ఏసీ కూడా సొంతంగా బిగించలేడు. పదిమందికి పది పెట్టెలు ఇచ్చేకన్నా ఇద్దరికి పూర్తి సామాను ఇవ్వడమే మేలని మా అభిప్రాయం. ఒక మామూలు ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ కొనే డబ్బుకు అటూ ఇటూగా ఒక మెకానిక్‌కు కావలసిన సామానంతా వస్తుంది. మీ ఇంటికి ఇంకో ఏసీ కొనేటప్పుడు ఈ లెక్క ఒకసారి గుర్తొస్తే చాలు. (టన్ను అంటే మెషిన్ బరువు కాదని తెలియనివారి కోసం: ఒక టన్ను మంచుగడ్డ ఇరవై నాలుగు గంటల్లో కరుగుతూ ఎంత చల్లదనం ఇస్తుందో అది ఒక టన్ను. మంచు అమ్మిన కాలం నాటి కొలత ఇంకా నడుస్తోంది.)

పూర్తి సామాను అంటే ఏమిటి? పానాలు, స్క్రూడ్రైవర్లు ఎలాగూ ఉండాలి. హ్యామర్ డ్రిల్లు, లెవెల్ బద్ద, క్లాంప్ మీటరు ఉండాలి. అసలైనవి ఆ తర్వాత మొదలవుతాయి. రాగి గొట్టం కోసే కట్టరు, కోసిన అంచు గీకే రీమరు, అంచును గరాటులా విప్పే ఫ్లేరింగ్ సెట్టు, నట్టును ఎంత బిగించాలో అంతే బిగించే టార్క్ రెంచ్, గేజ్ సెట్టు, వ్యాక్యూమ్ పంపు, గ్యాస్ తూచే కాటా. చివరి మూడూ ఖరీదైనవి. వాటినే జనం వదిలేస్తారు.

వదిలేస్తే ఏమవుతుంది? స్ప్లిట్ ఏసీ బిగించినప్పుడు రాగి గొట్టాల్లో గాలి, తేమ ఉంటాయి. మన డెల్టా గాలిలో తేమ గురించి వేరే చెప్పాలా. ఆ తేమ కంప్రెసర్ నూనెతో కలిస్తే ఆమ్లం పుడుతుంది, ఏడాదికో రెండేళ్లకో కంప్రెసర్ పోతుంది. తేమను గుడ్డతో తుడవలేం. ఒకటే దారి, పంపు పెట్టి లోపలి పీడనాన్ని బాగా దించాలి. పీడనం తగ్గితే నీళ్లు వేడి లేకుండానే మరుగుతాయి. బయట గాలి పీడనం 7,60,000 మైక్రాన్లు అనుకుంటే, మంచి మెకానిక్ దాన్ని 500 మైక్రాన్లకు దించుతాడు. అక్కడ నీళ్లు సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన కూడా ఆవిరైపోతాయి. పంపు బంద్ చేశాక ముల్లు మళ్లీ పైకి పాకుతోందా అని కాసేపు చూస్తాడు. పాకితే ఎక్కడో లీకు ఉంది, లేదా తేమ మిగిలింది. పంపు లేనివాడు ఏం చేస్తాడు? ఔట్‌డోర్‌లో ఉన్న గ్యాస్‌నే కొంచెం వదిలి దాంతో గాలిని బయటికి నెట్టేస్తాడు. రెండు నిమిషాల పని. ఇంటివాళ్లకు ఆ రోజు చల్లగానే ఉంటుంది.

కాటా సంగతీ అంతే. పాత ఆర్-22 రోజుల్లో గేజ్ ముల్లు చూసి, గొట్టం చేత్తో పట్టుకుని చూసి గ్యాస్ కొట్టేవారు. ఇప్పుడు వచ్చే ఏసీల్లో ఎక్కువగా ఆర్-32, కొంతకాలం కిందటివాటిలో ఆర్-410ఎ, కొత్త ఫ్రిజ్‌లలో ఆర్-600ఎ. ఎంత గ్యాస్ పట్టాలో మెషిన్ ప్లేటు మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. ఇంటి ఫ్రిజ్‌లో ఆర్-600ఎ మామూలుగా వంద గ్రాములు కూడా పట్టదు. దాన్ని అందాజుగా ఎలా కొడతారు? ఆర్-410ఎ పీడనం ఆర్-22 కంటే సుమారు 1.6 రెట్లు, ఆర్-32 కూడా ఆ స్థాయిలోదే. పాత గేజ్, పాత గొట్టాలు దానికి ఆగవు. ఎవరైనా దాత పాత గేజ్ సెట్టు ఇస్తానంటే జజాకల్లాహ్ అని తీసుకుంటాం, నేర్పడానికి పెట్టుకుంటాం. పిల్లవాడి చేతికి మాత్రం ఇవ్వం.

పనిముట్టు ఇచ్చే ముందు చేతికి పని వచ్చి ఉండాలని ముందే అన్నాం. దానికి మేము పెట్టుకున్న పరీక్ష కాగితం మీద రాసేది కాదు. ఒక మూర రాగి గొట్టం ఇస్తాం, ఫ్లేర్ చేసి చూపించమంటాం. చూడ్డానికి చాలా తేలిక. గొట్టం నిలువుగా, చదరంగా తెగాలి. రీమరుతో అంచు గీకేటప్పుడు గొట్టం మూతి కిందికి ఉండాలి, లేకపోతే రాగి పొట్టు లోపలికి పోయి రేపు కంప్రెసర్‌లో తేలుతుంది. ఫ్లేర్ చేయకముందే నట్టు తొడగాలి. ఇది మర్చిపోయి, అందంగా ఫ్లేర్ చేసి, నట్టు పట్టక గొట్టం మళ్లీ కోయని మెకానిక్ భూమ్మీద ఉండడు. విప్పిన అంచు అద్దంలా ఉండాలి, గీత ఉంటే పనికిరాదు. ఇంకా తక్కువ బిగిస్తే లీకు, ఎక్కువ బిగిస్తే అంచు చిట్లుతుంది. పది ఫ్లేర్లలో పదీ నిలిచినవాడికే పెట్టె.

రెండోది గ్యాస్ వెల్డింగ్, అంటే బ్రేజింగ్. రాగికి రాగి అతకాలంటే ఒక రకం కడ్డీ, రాగికి ఇనుము అతకాలంటే వెండి కలిసిన కడ్డీ, దానికి ఫ్లక్స్. మంట కడ్డీకి కాదు, గొట్టానికి పెట్టాలి. వేడెక్కిన గొట్టమే కడ్డీని లోపలికి పీల్చుకుంటుంది. పక్కన వాల్వు ఉంటే తడిగుడ్డ చుట్టాలి. అతికేటప్పుడు గొట్టంలోంచి నత్రజనిని సన్నగా పారించాలి, లేకపోతే లోపల నల్లటి పొర కడుతుంది. నత్రజని అనగానే ఒక విషయం గట్టిగా చెప్పాలి.

లీకు పరీక్షకు గొట్టాల్లో నత్రజని నింపి చూస్తారు. నత్రజని సిలిండరు దగ్గర లేదని, వెల్డింగ్‌కు తెచ్చిన ఆక్సిజన్ సిలిండరు పక్కనే ఉందని, దాంతో పీడనం పెట్టేవారు ఉన్నారు. ఆక్సిజన్ పీడనంతో కంప్రెసర్ నూనెను తాకితే అది బాంబు. ఎదురుగా నిలబడినవాడు మిగలడు. ఆర్-32 కొంత మండే గ్యాస్, ఆర్-600ఎ, ఆర్-290 వంటగ్యాస్‌లాగే మండుతాయి. వాటి గొట్టం మీద గ్యాస్ తీయకుండా మంట పెట్టకూడదు, మూసిన గదిలో పెట్టనే కూడదు. కరెంటు ఆపినా కెపాసిటర్‌లో షాకు మిగిలి ఉంటుంది. వీటన్నిటికీ మించి ఎత్తు. నాలుగో అంతస్తు కిటికీలోంచి ఒక కాలు బయట పెట్టి, ఇంకొకడు చొక్కా పట్టుకుంటే ఔట్‌డోర్ బిగించే పిల్లల్ని మీరూ చూసే ఉంటారు. అందుకే మన సామానులో సేఫ్టీ బెల్టు, హెల్మెట్, కళ్లద్దాలు, తోలు చేతిజోళ్లు కూడా లెక్కలో ఉన్నాయి. ఖర్చు తగ్గించమని కమిటీలో ఎవరైనా అంటే ముందు వీటి మీదే కన్ను పడుతుంది. వీటిని తీసేయవద్దని మా మనవి. ఒక తల్లికి పనిముట్ల పెట్టె ఇచ్చి కొడుకుని పోగొట్టలేం.

అమానత్ విషయం కూడా ఉంది. గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే అయిపోవడానికి. గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే లీకు ఉన్నట్టే. ఏటా వేసవి మొదట్లో గ్యాస్ కొట్టాలని చెప్పి డబ్బు తీసుకునేవాడు లీకు వెతకనివాడైనా అయి ఉండాలి, అబద్ధమైనా చెప్పి ఉండాలి. మన ఊళ్లో ఇంకో సంగతి ఉంది. బూడిద. బూడిద లారీలు తిరిగే రోడ్డు పక్క ఇంట్లో ఔట్‌డోర్ కాయిల్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే వేడి బయటికి పోదు, గది చల్లబడదు. సగం ఫిర్యాదులకు ఒక నీళ్ల పంపు, ఒక మెత్తటి బ్రష్షు చాలు. అందుకే ఆ చిన్న ప్రెషర్ పంపును కూడా సామానులో చేర్చాం. ముందు కడుగు, తర్వాత కరెంటు చూడు, ఆ తర్వాతే గేజ్ పెట్టు అని నేర్పమని ఉస్తాదులను కోరుతున్నాం. మన పిల్లవాడు వచ్చాడంటే లేని రోగం చెప్పడు అన్న పేరు ఒక్క వేసవిలో వస్తే, మరుసటి వేసవికి వాడికి ప్రచారం అక్కర్లేదు.

ఇప్పుడు పద్దుల సంగతి. జకాత్ సొమ్ముతో కొన్నది హక్కుదారుడి సొంతం కావాలని హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. దాన్నే తమ్లీక్ అంటాం. కాబట్టి అర్హుడైన పిల్లవాడికి జకాత్ నుంచి ఇచ్చే పెట్టె, పంపు, గేజ్, కాటా వాడివే. సంస్థ పేరు చెక్కించి, ఏడాదికోసారి తెచ్చి చూపించమని, పని మానేస్తే తిరిగివ్వమని షరతులు పెట్టడం కుదరదు. ఇది కొందరు దాతలకు నచ్చదని మాకు తెలుసు. అమ్ముకుంటే? అని అడుగుతారు. పది ఫ్లేర్ల పరీక్ష అందుకే ఉంది. పని వచ్చినవాడు పనిముట్టు అమ్ముకోడు. నత్రజని సిలిండరు, రెగ్యులేటరు, గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా వెనక్కి తీసే రికవరీ మెషిన్, మైక్రాన్ గేజ్ వంటివి ఒక్కొక్కరికి కొనలేం, రోజూ అవసరమూ పడవు. అవి సంస్థ దగ్గర ఉండి అందరూ వాడుకునేవి కాబట్టి సదకా, సాధారణ విరాళాల పద్దులోంచి కొనాలి. ఒక కిలో ఆర్-410ఎ గాలిలో కలిస్తే రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు వదిలినంత వేడి అని లెక్కగట్టారు. రికవరీ మెషిన్‌కు డబ్బిచ్చే దాతకు ఆ లెక్క సంతోషం కలిగిస్తుందనుకుంటాం. ఏ పద్దుకు ఇస్తున్నారో రసీదు మీద రాయించుకోండి. అనుమానం ఉంటే ముఫ్తీ సాహెబ్‌ను అడగండి. మమ్మల్ని కాదు.

అన్సారీ ఇంటి తిండి దిర్హము కూడా మర్చిపోకూడదు. సొంతంగా మొదలుపెట్టిన మొదటి నెల పిల్లవాడికి షాపు జీతం ఉండదు. ఆ నెలకు ఇంటి రేషన్ మన పద్దులోంచి వెళ్లాలి. సామాను ఇచ్చేది కూడా ఎండలు ముదిరేలోగా ఇవ్వాలి. వానాకాలంలో సభ పెట్టి ఇస్తే వచ్చే ఏడాది దాకా వాడికి పని దొరకదు, ఈలోగా ఇల్లు గడవక మళ్లీ హెల్పర్‌గా పోతాడు.

చివరిగా డబ్బుతో సంబంధం లేని రెండు కోరికలు. మసీదు కమిటీలవారు వేసవికి ముందు ఏసీల సర్వీసును, ఒక ఉస్తాద్ పక్కన ఉండగా, ఈ పిల్లలతో చేయించండి. మామూలు కూలీ ఇవ్వండి, ఫుకటకు వద్దు. రెండోది, మీ ఇంట్లో మూలన పడిన పాత ఏసీ, ఫ్రిజ్, వాటర్ కూలర్ ఉంటే తుక్కువాడికి వేయకుండా శిక్షణకు ఇవ్వండి. చెడిపోయినా పర్వాలేదు, చెడిపోయినదే కావాలి. గొట్టాలు మాత్రం కోయించకండి. రాగి కోసం గొట్టాలు కోసేసిన మెషిన్‌లో గ్యాస్ ఉండదు, లోపలికి తేమ చేరిపోతుంది, పిల్లలకు చూపించడానికి ఖాళీ డబ్బా మిగులుతుంది. కబురు చేస్తే మనవాళ్లే ఆటో తెచ్చి, గ్యాస్ లోపలికి లాగి, వాల్వులు మూసి, జాగ్రత్తగా విప్పి తీసుకెళ్తారు. ఆ విప్పడం కూడా వాళ్లకు ఒక పాఠమే.